గండికోట జెన్యూన్ కాదు

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో నూకలు చెల్లుతాయని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చాటింపు వేసింది. ఆ తర్వాత ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు కట్టాలంది. లేదా 1,000 రివార్డ్ పాయింట్లు పోగెయ్యాలి. అదీ కాదంటే సిస్టమ్ సెట్టింగులన్నీ తీసుకెళ్లి వాళ్ల క్లౌడ్‌లో పెట్టాలి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన సవరణ ప్రకారం ఐరోపా ఆర్థిక ప్రాంతం వాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. ఐస్‌లాండ్ వైరస్ వేరు, జమ్మలమడుగు వైరస్ వేరు అని పరిశోధనలో తేలి ఉండాలి.

ఇంత చక్కని న్యాయాన్ని కంప్యూటర్లకే పరిమితం చేయడం తప్పు. కడప జిల్లా గండికోటకూ వర్తింపజేయాలి.

మైక్రోసాఫ్ట్ తనిఖీ బృందం జమ్మలమడుగు మీదుగా కోట తలుపు దగ్గర దిగుతుంది. మొదటి ప్రశ్న: విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 ఉందా? అంటే తాళంచెవులు భద్రంగా దాచే చిప్పు. కోట తరఫువాళ్లు ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన పెన్నను చూపిస్తారు. ఆ వైపు నుంచి శత్రువు కాదు కదా, మేక కూడా ఎక్కి రాలేదు. ఆఫీసరు రాసుకుంటాడు: 'చిప్పు లేదు. లోయ ఉంది. లోయ మా జాబితాలో లేదు.' రెండో ప్రశ్న: ప్రాసెసర్ ఏ తరానిది? ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరానికి తగ్గకూడదు. 12వ శతాబ్దంలో కాకరాజు వేసిన పునాది అనగానే బృందంలో కుర్రవాళ్లు నవ్వు ఆపుకుంటారు.

"కోట నిలబడే ఉంది కదా సామీ?"

నిలబడటం అర్హత కాదట. 2016లో కొన్న కంప్యూటరుకూ అక్షరాలా ఇదే సమాధానం వస్తోంది. స్విచ్ వేస్తే వెలుగుతుంది, పిల్లవాడి ప్రాజెక్టు ప్రింటు తీస్తుంది, కరెంటు బిల్లు కడుతుంది. విండోస్ 11కు మాత్రం పనికిరాదు.

ఇక లైసెన్సు కాగితాలు. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల హక్కును ఓఈఎం లైసెన్సు కింద లెక్కేశారు. అది మదర్‌బోర్డుకు కట్టేసిన గిత్త, ఇంకో గాటికి తోలితే చెల్లదు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కీ అడక్కుండా ఫిరంగులతో తెరిచాడు. అది క్రాక్. ఆ పనికి ఐరోపా ఫిరంగివాళ్లను పెట్టుకున్నాడు కనుక క్రాక్ కూడా ఫారిన్ సరుకే. 1652లో కోటకొచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే చూసిందంతా రాశాడు గానీ, కొన్న రసీదు ఏదని ఒక్క మాట అడగలేదు. జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి ఒకే ఆవరణలో ఇన్ని వందల ఏళ్లు డ్రైవర్ గొడవ లేకుండా నడవడాన్ని కంపాటిబిలిటీ కింద చూపించబోతే, సర్టిఫికెట్ లేదని కొట్టేశారు.

మొత్తం చరిత్రలో పక్కా కాగితం దొరికింది ఒక్కటే. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన ఒప్పందం. ఇచ్చినవాడిదీ కాదు, పుచ్చుకున్నవాడిదీ కాదు, ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఆఫీసరు ముఖం వెలిగింది: జెన్యూన్!

తీర్పు: ఇకమీదట లోయ అంచున దిగే ప్రతి సెల్ఫీలో కుడివైపు కింది మూల 'గండికోటను యాక్టివేట్ చేయండి' అని లేత అక్షరాలు కనిపిస్తాయి. సూర్యాస్తమయం బంద్, వెనక నల్ల తెర మాత్రమే.

కోట సంగతి అలా ఉంచి, ప్రొద్దుటూరులో పాత సిస్టమ్ కొంటే షాపు కుర్రాడు అడిగేది ఒకటే: "ఒరిజినల్ ఏయాల్నా, మామూల్ది ఏయాల్నా అన్నా?" మామూల్దే పడుతుంది, అంటే దొంగ కాపీ. దానికో యాక్టివేటర్. అది ఎక్కాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి, అంటే దొంగ వచ్చే వేళకు కుక్కను కట్టేయాలి. 1957 కాపీరైట్ చట్టంలో దీనికోసమే 63బి సెక్షన్ ఉంది. తెలిసి వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు కారణాలు రాసి, జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు. అదే సిస్టమ్‌లో పక్కింటివాళ్ల పెళ్లిపత్రిక కంపోజ్ చేసి డబ్బు తీసుకుంటే ఆ వెసులుబాటు పాయె. ఆ పత్రికేమో 'అను' అనే తెలుగు ఫాంట్లలో, 2001 నాటి పేజ్‌మేకర్ 7లో ఉంటుంది. దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. కొత్త విండోస్‌తో దానికి పొసగక, పాత సిస్టమ్‌ను ఎవరూ కదిలించరు.

మామూల్ది ఇంతగా ఎలా పాతుకుపోయింది? చైనాలో దొంగ కాపీల గురించి 1998లో బిల్ గేట్స్ చెప్పనే చెప్పారు: ఎలాగూ దొంగిలిస్తారు, మనదే దొంగిలించనీ, అలవాటు పడ్డాక వసూలు చేసే దారి దొరుకుతుంది అని. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. 2015 మార్చిలో, ఈసారి చైనా వెళ్లి, అప్పట్లో విండోస్ పెద్ద అయిన టెర్రీ మయర్సన్ జెన్యూన్ అయినా కాకపోయినా అందరికీ విండోస్ 10 అన్నారు. ఆనక వివరణ వచ్చింది: అప్‌గ్రేడ్ అవుతుంది, దొంగ కాపీ మాత్రం దొంగ కాపీగానే ఉంటుంది.

అలవాటు చేసినన్నాళ్లూ వీళ్లు కస్టమర్లు, వసూళ్ల రోజు వచ్చేసరికి దొంగలా? ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అప్పటి లెక్కన 30 డాలర్లంటే 2,600 పైమాటే, ఎండలో ఎనిమిదిన్నర రోజుల మట్టిపని. డబ్బు పెట్టి ఒరిజినల్ కొన్నవాడికీ ఇదే షరతు, ఇదే బేరం. బాగా నడుస్తున్న మెషీన్‌ను చెత్తలో పారేయమని చెప్పి, పారేయనివాణ్ణి వైరస్‌లకు వదిలేయడం భద్రత పేరుతో చేస్తున్న బెదిరింపు. ఐరోపాలో యూరోకన్స్యూమర్స్ అనే వినియోగదారుల సంఘం గట్టిగా నిలదీస్తే కంపెనీ దిగొచ్చింది. అంటే ఊరికే ఇవ్వడం దానికి చేతనవును. ఆ కంపెనీని నడిపే సత్య నాదెళ్ల మూలాలు పక్క అనంతపురం జిల్లా బుక్కాపురంలో ఉన్నాయని సన్మానాల్లో చెప్పుకుని మురిసే పెద్దలు ఢిల్లీలోనూ అమరావతిలోనూ ఉన్నారు. శాలువాలు పక్కన పెట్టి, ఐరోపాకు ఇచ్చింది ఇక్కడ ఎందుకివ్వరని వాళ్లు ఆయన్నే అడగాలి, రాతపూర్వకంగా.