నీకొక్కడికే చెబుతున్నా

ఔటర్ రింగ్ రోడ్డు దిగి కోహెడ వైపు వెళ్తే, ఏ సంఘంలో అడిగినా ట్రెజరర్ సారును ఇట్టే గుర్తుపడతారు. బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగే మనిషి.

ఆరాధన అవగానే చాప మీద పాత పేపరు పరిచి కానుక సంచి బోర్లిస్తారు. లెక్క ఇద్దరు చూడాలి. చూస్తారు. ఆ తర్వాత ఆయన గాంధీ తాతలందరినీ ఒకే వైపు తిప్పుకుని మళ్లీ మొదలుపెడతారు. చిరిగిన పది నోటు వేసిందెవరో మడత చూసి చెప్పగలరు. కోతపండుగ వేలంలోనైతే, పాట పాడినవాడు డబ్బు చేతిలో పెట్టేదాకా సొరకాయ సారు ఒళ్లోంచి కదలదు.

స్టాఫ్ మీటింగులో ఐక్యత మీద మాట్లాడేదీ ఆయనే. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్లదొరల ఎదుటే నిలబడి, మీ త్యాగాలు సరే, స్నేహమేదని అడిగిన వి.ఎస్. అజరయ్య కథ ఎత్తుకుంటారు. మిషనరీ జీతమిచ్చే దొర, దేశీయుడు నౌకరు అన్న పద్ధతి మీద అజరయ్యకు కోపం. ఆ అజరయ్యే 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఇంతవరకు వచ్చేసరికి సారు గొంతు పూడుకుపోతుంది. కళ్లు తుడుచుకుని, రుమాలు మడుస్తూనే క్వైర్ పిల్లవాడి వైపు తిరిగి, "ఆ మైకు వైరు బిల్లేది తమ్మీ?" అంటారు.

బిల్లు అడగడం తప్పు కాదు, ఆ మాటకొస్తే అడగాల్సిందే. అసలు తంటా రాత్రి తొమ్మిది తర్వాత వచ్చే ఫోన్లతో. "నీకొక్కడికే చెబుతున్నా, ఎక్కడా అనకు" అంటూ క్వైర్ సంగతి పాస్టరు అయ్యగారికి, సండే స్కూల్ టీచరమ్మ సంగతి క్వైర్ లీడరుకు, అయ్యగారి సంగతి టీచరమ్మకు.

మనిషి చెడ్డవాడా అంటే, కరెంటు బిల్లుకు నిధి చాలని నెలలో తన జేబులోంచి కట్టి, రసీదులో 'ఒక సహోదరుడు' అని రాశారు. సాక్షి సంతకం కూడా తనదే.

మొన్న క్రిస్మస్ ముందు నక్షత్రం కడుతూ, చాయ్ తాగుతూ ఆ ముగ్గురూ నోరు జారారు. మూడు ఫోన్లలోనూ ఒకటే వరస, ఒకటే ఒట్టు. నవ్వు ఆపుకోలేక టీచరమ్మ చాయ్ ఒలకబోసుకుంది. అప్పట్నుంచి ఎవరిమీద ఎవరికి సందేహం వచ్చినా నేరుగా వాళ్లనే అడిగేస్తున్నారు.

సారుకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ముగ్గురూ ఇంత కలిసిపోయారంటే వెనక ఏదో ఉందని వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి ఆరా తీస్తున్నారు.