పాత చేపల తొట్టికి తలకిందుల సలహాలు

సెకండ్ హ్యాండ్‌లో అక్వేరియం కొంటున్నామంటే చాలు, అందరి నోటా ఒకటే మాట. తళతళలాడేది చూసి తీసుకో, సబ్బు పెట్టి బాగా కడుగు, లోపల బొమ్మలూ రంగురాళ్లూ పెట్టు, సాయంత్రానికల్లా చేపల్ని వదిలెయ్. నేను ఈ నాలుగూ తిరగేసి చేయమంటాను. వినడానికి తలకిందులుగా ఉంటుంది. కానీ పాత తొట్టి మళ్లీ పదేళ్లు నిలవాలన్నా, దానికి మనం వేసే సింగారం చేపల ప్రాణం మీదికి రాకూడదన్నా దారి ఇదే.

కొనేటప్పుడు పాచి పట్టిన తొట్టినే కొనండి. అద్దం ఆకుపచ్చగా ఉన్నా, అడుగున మడ్డి పేరుకున్నా ఫర్వాలేదు, అందులో నిండా నీళ్లుండాలి, ఫిల్టర్ తిరుగుతుండాలి. అది కారడం లేదని అప్పుడు మీ కళ్లముందే తేలిపోతుంది. ఏళ్ల తరబడి మేడ మీద ఖాళీగా పడి ఉండి, అమ్మే రోజు తుడిచిపెట్టిన తొట్టి సంగతి నీళ్లు పోస్తే గానీ బయటపడదు. పోసేది మీ ఇంట్లో. ఇంకో మాట, ఫిల్టర్‌లోని మురికి స్పాంజిని కడగకుండా, ఆ తొట్టి నీళ్లతోనే ఒక బకెట్లో వేసి ఇమ్మని అడగండి. మీ పని పూర్తయ్యేదాకా బకెట్లో ఎయిర్ పంపు నడుపుతూ, అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తూ ఉండండి. దాని విలువేమిటో తరవాత చెబుతాను. అందులో చేపలు జబ్బుతో పోయాయని తెలిస్తే మాత్రం స్పాంజి వద్దే వద్దు.

డబ్బు తొట్టి మీద కాదు, స్టాండు మీద పెట్టండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో 127 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్లే 127 కిలోలు. అద్దం, ఇసుక, రాళ్లు కలిపితే 150 దాటిపోతుంది. ఇంత బరువూ రాత్రనక పగలనక ఆ నాలుగు కాళ్ల మీదే ఉంటుంది. పార్టికల్ బోర్డు స్టాండు ఒక్కసారి తడిసి ఉబ్బిందంటే దానికి మరమ్మతు లేదు, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఇనుప యాంగిల్ స్టాండైతే తుప్పు పట్టినా తీసుకోవచ్చు. రంగు పొక్కిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. పైపైన పొడి రాలి లోపల గట్టిగా తగిలితే మంచిదే. రేకుల్లా పొరలు ఊడొస్తే, ముఖ్యంగా వెల్డింగు అతుకుల దగ్గర, ముందు వెల్డరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ తరవాతే వైరు బ్రష్షు, ఉప్పు కాగితం, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, రెండు కోట్ల ఎనామిల్. చివర్లో నేల మీద నిలబెట్టి పొడవునా అడ్డంగా రసమట్టం పెట్టి చూడండి. ఒక కాలు కాస్త ఎత్తుగా ఉన్నా అద్దం మెలిపడుతుంది, అద్దాల అతుకు ఏదో ఒక రోజు విడుతుంది.

సబ్బు తొట్టి దరిదాపుల్లోకి రాకూడదు. సిలికాన్ అంచుల్లో ఇరుక్కున్న సబ్బు ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా వదలదు, చేపల మొప్పలకు అది విషం. అద్దం మీది తెల్లటి చార బోరునీళ్ల సున్నం. తొట్టిని ఆ పక్కకి పడుకోబెట్టి, వెనిగర్‌లో ముంచిన గుడ్డ అరగంట పరిచి, కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి గీకితే పొరగా లేస్తుంది. మూలల్లో సిలికాన్‌కు మాత్రం బ్లేడు తగలనీయకండి. లోపలి వైపు సన్న గీతలుంటే వాటి జోలికి పోవద్దు. వాటిని నీళ్లు నింపేస్తాయి, గాజులో వెలుతురు వంగే తీరుకీ నీళ్లలో వంగే తీరుకీ తేడా తక్కువ కనుక చాలామటుకు కనబడవు. పాలిష్ పట్టిస్తే ఆ చోట అద్దం అలలు తేలి చూపు చెదురుతుంది.

కారే తొట్టి దొరికితే, కారే చోట కాస్త సిలికాన్ పూయమంటారు. పూయకండి. ఎండిన పాత సిలికాన్‌కు కొత్తది అంటుకోదు. నీటి ఒత్తిడికి నెలకో రెండు నెలలకో మళ్లీ ఊడుతుంది. చిన్న లీకుకైనా లోపలి అంచు సిలికాన్ నాలుగు మూలలా, అడుగునా మొత్తం కోసి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, ఒకేసారి కొత్తది వేయాలి. బాత్రూముల కోసం అమ్మే యాంటీ ఫంగల్ రకం తేకండి, బూజును చంపే మందు చేపల్ని కూడా వదలదు. వారం ఆరనిచ్చి, ఇంట్లో కాదు, వరండాలో పెట్టి పావు వంతు చొప్పున నీళ్లు నింపుతూ రెండు మూడు రోజులు చూడండి. కింద పాత పేపరు పరిస్తే ఒక్క చుక్క పడినా తెలిసిపోతుంది. రెండు అద్దాల మధ్య అతుకులోనే బుడగలు కనిపిస్తే అది మన చేతి పని కాదు, తొట్లు కట్టేవాళ్లకి ఇచ్చేయండి.

ఇక సింగారం. దీని కోసమే ఇదంతా చెబుతున్నాను. బొమ్మంతా అద్దానికి బయటే వేయండి, నీళ్లలో రంగన్నది వద్దు. కొండపల్లి బొమ్మను లోపల పెడితే ముద్దుగా ఉంటుందనిపిస్తుంది. అది తేలికైన పొనికి చెక్క, దాని అతుకులు రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన మక్కుతో పెట్టినవి. రెండు రోజుల్లో విడిపోయి నీళ్లు కుళ్లబెడుతుంది. ప్లాస్టర్ బొమ్మలు కరుగుతాయి, గవ్వలూ పాలరాతి ముక్కలూ నీటి కఠినత్వం పెంచుతాయి. లోపలికి కాల్చిన మట్టికుండ పెంకు చాలు, చేప దాక్కోవడానికి అంతకన్నా మంచి గూడు లేదు.

నా మనసులో ఉన్న బొమ్మ చెరియాల పటం తీరుది. సిద్దిపేట జిల్లా చెరియాల నకాషీ చిత్రకారులు ఎర్రటి నేల మీద గీసే పటాలు చూసే ఉంటారు. కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్పేది అలాంటి పటాలు పట్టుకునే. ఆ కథలోంచే మత్స్యయంత్రం తీసుకోండి. స్టాండుకి మూడు వైపులా ప్లైవుడ్ బిగించి, లప్పం పెట్టి, ఎర్రరంగు వేయండి. ముందు తలుపు మీద అర్జునుడు, విల్లు పైకి, చూపు కిందికి. అడుగు పట్టీ మీద నీలి నీళ్లు, అందులో తలకిందులుగా చేప నీడ. అసలు చేప పైన తొట్టిలో నిజంగా తిరుగుతుంటుంది! పక్క పలకల మీద నోళ్లు తెరిచిన రాజులు, పూలదండతో ద్రౌపది. బాణం మాత్రం ఇంకా వదలనట్టే గీయండి. చేప ఆ బాణం గీతకి ఎప్పుడు వస్తుందా అని పిల్లలు గంటల తరబడి తొట్టి ముందు కూర్చుంటారు. తడి తగిలినా చెడకుండా పైన రెండు కోట్ల వార్నిష్ వేయడం మరవద్దు.

తొట్టి వెనక అద్దం మీద ద్రుపదుడి సభ వేయండి, బయటి వైపు నుంచే. ఇక్కడ చేతికి అలవాటైన వరస తిరగబడుతుంది. మామూలుగా ముందు నేల రంగు, చివర్లో కళ్లూ నగలూ. అద్దం వెనక నుంచి వేసేటప్పుడు ముందు కనుపాప, తరవాత కన్ను, ఆ తరవాత ముఖం, అన్నిటికన్నా చివర నేల. తంజావూరు గాజు చిత్రాల పద్ధతి ఇదే. ఒక్క పొర తప్పినా కన్ను ముఖం చాటున మాయమవుతుంది, అందుకే ముందు కాగితం మీద వరస రాసి పెట్టుకోండి. నీళ్లు పోశాక బొమ్మ దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది, అడుగు లోతు సుమారు తొమ్మిది అంగుళాలే అనిపిస్తుంది. కనుక స్తంభాలు, తోరణాలు కాస్త చిన్నవిగా గీయండి. నేల రంగు ముదురు నీలమో, ముదురు మెరూనో ఉండాలి. తెల్లటి నేల ముందు చాలా చేపల రంగు వెలిసినట్టవుతుంది. అక్రిలిక్ రంగులైతే, మనసు మారినప్పుడు బ్లేడుతో గీకేసి ఇంకో కథ వేసుకోవచ్చు.

అన్నీ అయ్యాక, చేపలు లేని తొట్టికి మేత వేయండి. ఇది అందరికీ వింతగా తోచే సలహా, నేను పట్టుబట్టి చెప్పేదీ ఇదే. క్లోరిన్ తీసిన నీళ్లు పోసి, ఫిల్టర్ రాత్రింబగళ్లు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా స్పాంజిలో పెరిగి నైట్రైట్‌గా, మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకి విషం, మూడోది కొద్దిగా ఉంటే ఇబ్బంది లేదు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపులోంచి తెచ్చిన చేపలు తొలి వారాల్లోనే చచ్చిపోయాయని బాధపడేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే, వాళ్ల చెయ్యి మంచిది కాక కాదు. బకెట్లో కాపాడిన మురికి స్పాంజి ఇప్పుడు వేయండి, ఎదురుచూపు బాగా తగ్గుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఆ స్పాంజిని ఇక ఎన్నడూ కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

తొలిసారి అరడజను జీబ్రా చేపలు చాలు. మన దేశపు వాగుల్లోవే అవి, గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. వచ్చిన రోజు మేత వద్దు, లైటు వద్దు. వారానికోసారి పావు వంతు నీళ్లు అడుగు నుంచి గొట్టంతో లాగి, క్లోరిన్ తీసిన కొత్త నీళ్లు పోయండి. తీసిన నీళ్లలో నైట్రేట్ ఉంటుంది, కరివేపాకు కుండీకి పోస్తే ఎరువు కొననక్కర్లేదు.