పక్క శాస్త్రం

ఇంగ్లీషువాడికి పరుచుకునేదానికొక మాట, ఒత్తిగిలేదానికొక మాట కావాలి. మనకు రెండూ పక్కే. పక్క వేస్తాం, పక్కకు తిరుగుతాం, పక్కటెముకలు నొప్పెడితే పక్కవాళ్ళను లేపుతాం. కనుక, వీపున సంచి మోస్తూ రోజుల తరబడి కొండల్లో నడిచి, రాత్రికి ఒక పక్కకు తిరిగి పడుకునేవాడికి తేలికైన పక్క ఏది అన్న మీమాంస తెలుగులో జరగడమే న్యాయం.

అధికారి: ఈ శాస్త్రాధ్యయనానికి అర్హుడెవడు? టూత్‌బ్రష్ పిడి విరగ్గొట్టి పది గ్రాముల బరువు తగ్గించి, అదే సంచిలో అరకిలో ఆవకాయ పెట్టుకున్నవాడు. అమెరికాలో రెయినియర్ పర్వతం చుట్టూ 150 కిలోమీటర్ల వండర్‌లాండ్ కాలిబాటకు బయలుదేరిన నాడు నేను సర్వవిధాలా అర్హుణ్ణి.

మూలపురుషులు: వారు వెలసింది సియాటెల్‌లో. 1970ల మొదట్లో బోయింగ్‌లో ఉద్యోగాలు ఊడిన జిమ్ లీ, నీల్ ఆండర్సన్ అనే ఇంజనీర్లు దానంతటదే గాలి పీల్చుకునే పరుపును తయారుచేశారు. తోటపనిలో మోకాళ్ళ కింద వేసుకున్న నురగముక్క గాలి వదలడం, పీల్చడం చూసి ఈ ఊహ తట్టిందని చెబుతారు. ఉద్యోగం పోయినవాడు నిద్ర గురించి ఆలోచించడంలో వింత లేదు.

పూర్వపక్షం: నురగవాదుల మతం ఇది. రెండు సెంటీమీటర్ల మందం, నాలుగు వందల గ్రాముల బరువు ఉన్న మడతచాప చాలు; ముల్లు గుచ్చుకున్నా దానికి బాధ లేదు. బుద్ధుడంతటివాడు కకుత్థా నది దగ్గర సంఘాటి అనే పైవస్త్రాన్ని నాలుగు మడతలు వేయించుకుని, కుడిపక్కకు తిరిగి సింహశయ్యలో విశ్రమించలేదా?

ఖండనం: ఆయన దుఃఖాన్ని జయించాడు. మనం జయించింది ఒక కొండ ఎక్కుడు. వెల్లకిలా పడుకుంటే బరువు వీపంతా పరుచుకుంటుంది. పక్కకు తిరిగితే భారమంతా భుజం, తుంటి మీదే. బరువు అదే, ఆనే చోటు తగ్గింది, ఒత్తిడి పెరిగింది. భీష్ముణ్ణి సాక్ష్యానికి పిలవకండి. వెల్లకిలా పడుకున్నవారి వాంగ్మూలం ఇక్కడ చెల్లదు.

సూత్రం: తుంటి నేలను తాకరాదు. అందుకు ఏడున్నర సెంటీమీటర్ల గాలిపరుపు కావాలి. మంచిరకం అయితే దాని బరువూ నాలుగు వందల గ్రాముల లోపే. అంటే నురగవాది మోసినంతే మోసి, అతడికి మూడింతలకు పైగా ఎత్తున పడుకోవచ్చు. ఇక పరీక్షకు తార్కికులు చెప్పిన ప్రమాణాలు నాలుగు.

ప్రత్యక్షం: దుకాణంలోనే పరుపు పరిచి, సిగ్గు విడిచి, పక్కకు తిరిగి పడుకోవాలి. గాలి నిండా ఊది రాయి చేయకూడదు. పడుకున్నాక కొంచెం కొంచెంగా వదిలి, తుంటి నేలకు దిగబోతోందనగా బిరడా బిగించాలి. 51 సెంటీమీటర్ల వెడల్పు చేతులు కట్టుకుని పడుకునేవాడికి చాలు. మోకాళ్ళు ముడుచుకునేవాడికి 64 కావాలి.

అనుమానం: తార్కికుడికి అనుమానమంటే పొగను చూసి నిప్పును ఊహించడం. మనకైతే, రాత్రి రెండింటికి మెత్తబడిన పరుపును తడిమి చిల్లి పడిందేమోనని బెంగపడటం. చాలాసార్లు ఇది హేత్వాభాసమే. సాయంత్రం ఊదిన వెచ్చని గాలి రాత్రి చలికి కుంచించుకుపోతుంది, అంతే. పడుకోబోయే ముందు మళ్ళీ నాలుగు ఊపిర్లు ఊదండి. అయినా అతుకు ముక్కలు దగ్గరుంచుకోండి. ఒక్కొక్కసారి నిప్పు కూడా ఉంటుంది.

ఉపమానం: పరుపును పరుపుతో పోల్చడానికి ఆర్-విలువ అనే అంకె ఉంది. వేడి పలకకూ చల్లని పలకకూ నడుమ పరుపును ఉంచి, అది వేడిని ఎంత ఆపిందో కొలుస్తారు. 2018లో ఉమ్మడి ప్రమాణం వచ్చేదాకా ఏ కంపెనీ కొలత ఆ కంపెనీదే. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా మన కింద నలిగిన భాగం చలిని ఆపదు. నేలకు అడ్డం ఈ అంకె ఒక్కటే. వేసవికి రెండు చాలు, మంచు మీద ఐదు దాటాలి.

శబ్దం: తేలిక పరుపుల్లో కొన్నిటి లోపల వేడిని వెనక్కి పంపే పల్చని మెరుపు పొరలు ఉంటాయి. కదిలితే కరకరలాడతాయి. పక్కకు పడుకునేవాడు రాత్రంతా ఒక పక్కనే ఉండడు కదా! శబ్దమంటే ఆప్తవాక్యమని శాస్త్రం. మా గుడారంలో ఆ ఆప్తవాక్యం మా ఆవిడది: “ఈ వేళప్పుడు చిప్స్ ఏమిటండీ?”

సిద్ధాంతం: మందం ఏడున్నర, వెడల్పు 64, ఆర్-విలువ నాలుగు, కదిలితే పక్కవారు మేలుకోనిది. ఆ వెడల్పు కోసం మరో వంద గ్రాములు మోయాలి కదా అంటారా? ఆవకాయలో తగ్గించండి. రెయినియర్ శిబిరాల్లో వాసన వచ్చే ప్రతి వస్తువునూ ఎలుగుబంటికి అందకుండా భద్రపరచాలి. ఆవకాయా, పిడి లేని బ్రష్షూ రాత్రంతా బయటే. గుడారంలో మీతో ఉండేది పక్క ఒక్కటే.