మూడున్నర యూరోల లకోటా

మన దేశమున శుభలేఖ అంచులకు పసుపు రాతుము. జర్మనీ దేశమున జరిమానాకు పసుపుపచ్చని లకోటా వాడుదురు. తపాలావాడు దానిని తక్కిన ఉత్తరములవలె పెట్టెలో పడవేసి తన దారిని తాను పోడు. తెచ్చిన తేదీని లకోటామీద స్వహస్తముతో వ్రాసి, తాను దానిని యథావిధిగా అందజేసినట్లు ఒక సాక్ష్యపత్రము నింపి మరీ పోవును. గత మాసమున అట్టి లకోటా ఒకటి మా ఇంటికి వేంచేసినది.

ముప్పది కిలోమీటర్ల వేగమునకు మించరాదని పలక పాతిన ఒకానొక చిన్న ఊరి వీధిలో నేను యాబదిమీద పోయితినట. యంత్రమైనను పొరపడవచ్చునను ధర్మబుద్ధితో అందులో మూడు తీసివేసి, మిగిలిన పదునేడు కిలోమీటర్ల అపరాధమునకు 70 యూరోలు విధించినారు. 2021 నవంబరు 9న క్రొత్త పట్టిక అమలులోనికి రాకపూర్వము ఇదే పాపము 35 యూరోలతో పరిహారమయ్యెడిది. అంతకుముందే వచ్చిన సంజాయిషీ కాగితములో నా ఛాయాచిత్రమును అచ్చువేసి, ప్రక్కసీటులోని మా ఆవిడ ముఖమునకు మాత్రము మసి పూసినారు. ఆమె నేరమేమియు చేయలేదు గనుక ఆమె గోప్యతకు భంగము రారాదట. "నెమ్మదిగా పొమ్మని ఆ మలుపు దగ్గరే చెప్పాను కదండీ," అని ఆమె అన్నది. ఆ మాట మాత్రము ఛాయాచిత్రములో పడలేదు.

ఇంతవరకు న్యాయమే. నేను తప్పు చేసితిని, వారు పట్టుకొనిరి. నన్ను ఆలోచింపజేసినది ఆ 70 కాదు, దాని క్రిందనున్న రెండు పంక్తులు. రుసుము 25 యూరోలు. ఖర్చులు 3 యూరోల 50 సెంట్లు. వెరసి 98 యూరోల 50 సెంట్లు. జరిమానాలో నూటికి అయిదు వంతున రుసుము పుచ్చుకొనవలెననియు, అది మాత్రము 25కు తగ్గరాదనియు ఇచ్చటి చట్టము. నా అపరాధమునకు నూటికి అయిదు చొప్పున లెక్కించిన సరిగా మూడున్నరయే తేలును. కాని కనిష్ఠము కనిష్ఠమే. ఇక ఆ రెండవ పంక్తిలోని మూడున్నర, నన్ను శిక్షించు కాగితమును నా ఇంటికి మోసికొని వచ్చిన కూలి. అనగా ఉరితీయబడువాడు త్రాటి వెల చెల్లించుట మాత్రమే గాక, దానిని పేనినవానికి సంభావనయు, తెచ్చినవానికి బండికూలియు ఇచ్చుకొనుచున్నాడన్నమాట.

మా పై అంతస్తులో ఉద్యోగవిరమణ చేసిన జర్మను పెద్దమనిషి యొకరు కలరు. ఆ రెండు పంక్తులకు మూడవదొకటి చేర్చిన నేమియని తోచి, మెట్లమీద ఎదురుపడినప్పుడు, "అయ్యా, వాహన జరిమానాలమీద మరి అయిదు యూరోలు వడ్డించి, ఆ సొమ్మును నేరములకు బలియైనవారి సహాయమునకు వినియోగించిన నెట్లుండును?" అని నేను వినయముగా అడిగితిని. ఆయన ముఖము జేవురించినది. "అబ్‌త్సోకె!" అన్నారు. నిలువుదోపిడీయని దాని యర్థము. రహదారి ప్రక్కన వేగము కొలుచు పెట్టె కనబడిన ప్రతిచోటను ఇచ్చటి వాహనదారుని నోట వెలువడు మంత్రమిదియే. 1974లో చమురు కరవునాడు ఆటోబానుపై వేగపరిమితిని ఎత్తివేయింపజూచిన మోటారు సంఘమువారు స్వేచ్ఛాపౌరులకు స్వేచ్ఛాయానమని బావుటా ఎత్తిన దేశమిది. "మరి ఇప్పుడు కట్టుచున్న ఆ ఇరువదియెనిమిదిన్నర?" అంటిని. ఆయన నావైపు జాలిగా చూచి, "అది రుసుము," అన్నారు.

మన తెలుగువారు ఇంతకన్న ఉదారులగుదురని తలచి, ఫ్రాంక్‌ఫర్టులో ఒక మిత్రుని ఇంట సత్యనారాయణ వ్రతమునాడు, ప్రసాదము చేతిలోనుండగానే, అదే ప్రశ్న వేసితిని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయు యువకుడొకడు వెంటనే అందుకొన్నాడు.

"నేనెవరినీ గుద్దలేదు కదా అన్నగారూ! ఎవడో ఎవణ్ణో పొడిస్తే, వాడి ఆసుపత్రి ఖర్చుకీ నా స్పీడుకీ సంబంధమేమిటి?"

"పోయిన ఏడాది స్పీడుకి మీరు జరిమానా కట్టిన 115 యూరోలు ఎక్కడికి పోయాయి?"

"గవర్నమెంటుకి పోయాయి. ఇంకెక్కడికి పోతాయి?"

ఆ సమాధానములోని ప్రశాంతతకు నేను నిజముగా ఆశ్చర్యపడితిని. ఆ జరిమానాతోపాటు ఫ్లెన్స్‌బుర్గు పట్టణమున కొలువున్న చిత్రగుప్తులవారి కార్యాలయములో అతని పేర ఒక పాయింటుగూడ జమయైనది. ఎనిమిది నిండినచో లైసెన్సునకు నీళ్లు వదలవలసినదే. దానికిని అతడు చింతింపలేదు. ఎవడినో పొడిచినవాని పాపము నాకేల యను అతని వాదము తీసివేయదగినది కాదని నేనును ఒప్పుకొందును. కాని అతని సొమ్ముతో మునిసిపాలిటీవారు ఈతకొలను కప్పు బాగుచేయించుకొన్నను అతడు కిమ్మనడు గదా! ఊళ్లవారు రాబోవు సంవత్సరపు పద్దులో, తమ పౌరులు ఎంత సొమ్మునకు సరిపడు పాపములు చేయుదురో ముందుగానే అంచనావేసి ఆదాయముక్రింద వ్రాసికొందురు. అందరును బుద్ధిమంతులైనచో ఆ పద్దునకు లోటు వచ్చును. దీనిని ఎవరును దోపిడీయనరు. సొమ్ము పుచ్చుకొనువానికి ముఖము లేనంతవరకు ఇచ్చువానికి సుఖము. "బాధితుడు" అను పేరు ఒక్కటి ఆ కాగితముమీద పడెనా, తన్నెవరో వ్రేలెత్తి చూపినట్లు వాహనదారుడు ఉలికిపడును.

పొరుగు దేశములు ఆ పేరు వ్రాయుటకు సంకోచింపలేదు. బెల్జియములో 1985 నాటి చట్టము వలన శిక్షపడినవారు హింసాబాధితుల నిధికి చందా కట్టవలసియున్నది. బ్రిటనులో 2007లో కోర్టు జరిమానాపై 15 పౌండ్ల అదనపు వడ్డన మొదలైనది. ఈ శతాబ్దారంభమున జర్మనీలోను, కోర్టులు విధించు జరిమానాలలో కొంత భాగము బాధిత సహాయ సంస్థలకు చెందవలెనని ఒక ముసాయిదా సిద్ధమైనదిగాని, చట్టము కాకుండగనే కాలధర్మము చెందినది. మన హైదరాబాదు సంగతి వేరు. 2023 డిసెంబరులో తెలంగాణ పోలీసువారు ద్విచక్రవాహనముల పాత చలానాలపై నూటికి ఎనుబది, కార్లకు నూటికి అరువది తగ్గించి, ఆషాఢమాసపు చీరల దుకాణమువలె జరిమానాలను అమ్మకమునకు పెట్టినారు.

జర్మనీలో బాధితునికి సొమ్ము ముట్టనే ముట్టదనుట అబద్ధము. చిన్నతరహా నేరములలో నిందితుడు కొంత పైకము చెల్లించినచో విచారణ ఆపివేయు పద్ధతి కలదు. ఆ పైకము ఖజానాకో, ధర్మసంస్థకో పోవలెనని న్యాయాధికారి నిర్ణయించును. 1976లో టెలివిజన్ ప్రయోక్త ఎడువార్డ్ త్సిమ్మర్‌మన్ మైన్ట్స్ నగరమున నెలకొల్పిన వైసర్ రింగ్ అను బాధిత సహాయ సంఘము, ప్రభుత్వపు సొమ్ము ముట్టక, చందాలతోపాటు ఇట్టి పైకముమీదనే నడచుచున్నది. "చిన్నతరహా" అను మాట కొంచెము సాగునదియే: మోటారు పందెముల అధిపతి బెర్నీ ఎకిల్‌స్టన్ లంచము కేసు 2014లో మ్యూనిక్ కోర్టున పది కోట్ల డాలర్లతో ముగిసినప్పుడు, తొమ్మిది కోట్ల తొంబది లక్షలు బవేరియా ఖజానాకును, పది లక్షలు రోగపీడితులైన పిల్లల ధర్మనిధికిని పోయినవి. నూటికి ఒకటి. నా లకోటా కూలియైనను నూటికి అయిదు.

వాహనమునకు ఈ దేశమునగల గౌరవము ఎంతటిదో చెప్పుటకు ఒక్క విషయము చాలును. దీనిని వ్యంగ్యముగా చెప్పుట నాకు చేతకాదు. 1976 నాటి హింసాబాధితుల పరిహారచట్టము, కత్తితో పొడిచినను కఱ్ఱతో కొట్టినను వర్తించెడిది. మోటారు వాహనముతో చేసిన దాడికి వర్తించదని అందులోనే వ్రాసియుండెను. 2016 డిసెంబరు 19న బెర్లిన్ బ్రైట్‌షైడ్‌ప్లాట్స్‌లోని క్రిస్మస్ సంతమీదికి ఒక దుండగుడు లారీ తోలి జనమును చంపినప్పుడు, మృతుల కుటుంబములవారు గుద్ది పారిపోయిన బండ్ల బాధితులకై బీమా కంపెనీలు నడుపు నిధి వాకిట నిలువవలసి వచ్చినది. ఆ పాతచట్టము స్థానమున క్రొత్తది వచ్చినది 2024 జనవరి 1న.

నన్ను పట్టిన ఆ వీధికి మొన్న ఆదివారము కాలినడకన పోయి చూచితిని. పలక ప్రక్కనే శిశువిహారము కలదు. దాని కిటికీ అద్దములకు పిల్లలు రంగుకాగితముల పొద్దుతిరుగుడు పూలు అంటించియున్నారు. కారులో పోయిననాడు అవి నా కంటబడలేదు.

రెండు వారముల గడువులోపలనే 98 యూరోల 50 సెంట్లును చెల్లించితిని. లకోటాను మాత్రము పారవేయుటకు మనసొప్పక బీరువాలో దాచితిని. మూడున్నర యూరోల వస్తువు గదా, ఇటువైపు వచ్చినప్పుడు తమరును చూచి పోవచ్చును.