క్యాప్స్ లాక్ వధ: ఒక శాస్త్రీయ సమీక్ష

కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి పని మొదలుపెట్టేముందు కీబోర్డును సంస్కరించడమే ప్రథమ కర్తవ్యమని బోధించే సంప్రదాయం ఒకటి కొన్ని దశాబ్దాలుగా వర్ధిల్లుతోంది. కీ రీమ్యాపింగ్ అని దానికి పేరు. అంటే ఒక కీ నొక్కినప్పుడు దానిమీద అచ్చయినది కాక, వాడుకరి కోరుకున్న మరొకటి పనిచేసేటట్లు కంప్యూటరుకు నచ్చజెప్పడం. పనికి అడ్డొచ్చే కీని మార్చుకోవడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ఈ చిన్న సౌకర్యాన్ని సాధనగా, సాధనను సిద్ధిగా, సిద్ధిని లోకానికి ఉపదేశించవలసిన ధర్మంగా పెంచి పెద్దచేసినవారి వాదనలు మాత్రం తీరిగ్గా పరిశీలించదగినవి.

ఈ పురాణంలో రాక్షసపాత్ర క్యాప్స్ లాక్‌ది. ఆంగ్ల అక్షరాలన్నీ పెద్దవిగానే పడేటట్లు బిగించి ఉంచే ఈ కీ, టైపురైటరు కాలపు షిఫ్ట్ లాక్‌కు వారసురాలు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులో 'ఏ' అక్షరానికి ఎడమ పక్కన కంట్రోల్ కీ ఉండేది. 1980ల మధ్యలో అదే సంస్థ తెచ్చిన 101 కీల కీబోర్డులో ఆ చోటు క్యాప్స్ లాక్‌కు దక్కి, కంట్రోల్ కింది వరుస మూలకు జరిగింది. నాలుగు దశాబ్దాలు గడిచినా ఈ సింహాసనాపహరణాన్ని క్షమించని వర్గం దృష్టిలో క్యాప్స్ లాక్ ఎవరికీ అక్కరలేని కీ. పాన్ సంఖ్యలు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు, దరఖాస్తుదారుల పేర్లు, వారి తండ్రుల పేర్లు పొద్దస్తమానం పెద్ద అక్షరాల్లో కొట్టే మీసేవ ఆపరేటరు ఆ 'ఎవరికీ'లోకి రాడు. కీబోర్డు గురించి మాట్లాడే తీరిక అతడికి లేకపోవడమే అందుకు కారణం.

రాక్షసుడు హతుడయ్యాక ఆ చోటు ఎవరికి కట్టబెట్టాలన్న దగ్గర శాఖాభేదాలు మొదలవుతాయి. ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడే ఎడిటర్లలో ఈమ్యాక్స్‌ను కొలిచేవారు, అందులో ఆజ్ఞలు చాలావరకు కంట్రోల్ పట్టుకునే ఇవ్వాలి కాబట్టి, కంట్రోల్‌కు పట్టం కడతారు. విమ్ ఎడిటరు భక్తులు ఎస్కేప్‌కు కడతారు. విమ్‌కు మూలమైన వీఐని బిల్ జాయ్ 1970లలో ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద రాశాడు; దానిలో ఎస్కేప్ కీ ఇప్పటి ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి అందేటట్లు ఉండేది. ఆ యంత్రం ఎప్పుడో మూలపడినా, దాని వేలి అలవాటు మాత్రం శిష్యపరంపరలో సజీవంగా నిలిచింది. రెండు శాఖలకూ సంధి కుదర్చడానికి మూడో మార్గం కూడా పుట్టింది: తట్టి వదిలితే ఎస్కేప్, నొక్కి పట్టుకుంటే కంట్రోల్. తిక్కన హరిహరనాథుణ్ని కొలిచినట్లు ఒకే కీలో ఇద్దరు దేవుళ్లను కొలిచే ఈ మార్గానికి ఉన్న చిక్కల్లా, తట్టడం ఎక్కడ ముగిసి పట్టుకోవడం ఎక్కడ మొదలవుతుందో యంత్రానికి చెప్పవలసి రావడమే. క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో, అంటే కీబోర్డు లోపలే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, ఈ గడువు మామూలుగా 200 మిల్లీసెకన్లు. దాన్ని 180కి దించి, తప్పులు పెరిగాయని 220కి ఎక్కించి, నెమ్మదించిందని 190 దగ్గర నిలబెట్టే పరిశోధనలో వారాంతాలు కరిగిపోతాయి. ఆదా అయ్యే కాలం మాత్రం మిల్లీసెకన్లు దాటదు.

విండోస్‌లో ఈ వధ జరిగే విధానం మరింత రమణీయం. పవర్‌టాయ్స్ వంటి ఉచిత సాధనంతో నాలుగు క్లిక్కుల్లో అయ్యే పనిని నిష్ఠాపరులు ఒప్పుకోరు. విండోస్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీని తెరిచి, అందులో స్కాన్‌కోడ్ మ్యాప్ అనే పేరుతో 20 బైట్ల విలువను చేత్తో రాస్తారు. ప్రతి కీకీ కీబోర్డు పంపే గుర్తింపు సంఖ్యే స్కాన్‌కోడ్. హెక్సాడెసిమల్ లెక్కలో క్యాప్స్ లాక్‌ది 3ఏ, ఎడమ కంట్రోల్‌ది 1డి. మొదట ఎనిమిది సున్నా బైట్లు, ఆపైన ముగింపు పద్దును కూడా కలుపుకొని పద్దుల లెక్క, తరవాత రావలసిన కీ ముందు, పోవలసిన కీ వెనక, చివర మరో నాలుగు సున్నాలు రాసి, కంప్యూటరును రీస్టార్ట్ చేస్తే మంత్రం ఫలిస్తుంది. ఈ అమరిక ఒక వాడుకరికి పరిమితం కాక మొత్తం యంత్రానికి వర్తిస్తుంది గనుక, ఆ కంప్యూటరు ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఫలిస్తుంది. పిల్లవాడి పరీక్ష దరఖాస్తు నింపుతున్న తల్లి ఎన్నిసార్లు క్యాప్స్ లాక్ నొక్కినా పేరు చిన్న అక్షరాల్లోనే పడుతుంటే, ఆమె అజ్ఞానాన్ని చూసి సంస్కర్త చిరునవ్వు నవ్వుతాడు.

ఒక్క కీతో తృప్తిపడనివారు కీబోర్డు మొత్తాన్నీ తిరగరాస్తారు. క్వర్టీ అమరికకు క్రిస్టఫర్ షోల్స్ 1870లలో రూపమివ్వగా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆగస్ట్ డ్వొరాక్ దానికి పోటీగా మరో అమరికను తయారుచేసి 1936లో పేటెంటు పొందాడు. దాని ఆధిక్యానికి ప్రమాణంగా 1944 నాటి అమెరికా నౌకాదళ పరీక్షను చూపుతారు. ఆ సమయంలో డ్వొరాక్ అదే నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండరుగా ఉన్నాడన్న సంగతి ప్రచారకులకు గుర్తుకురాదు. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ ప్రభుత్వ టైపిస్టులతో జరిపిన పరీక్షలో, డ్వొరాక్‌కు మారిన పదిమందికి తమ పాత వేగాన్ని తిరిగి అందుకోవడానికే రోజుకు నాలుగు గంటల చొప్పున 25 రోజులకు పైగా పట్టింది. స్ట్రాంగ్ కూడా నిష్పక్షపాతి కాడన్న విమర్శ ఉంది కాబట్టి, ఈ వివాదంలో భక్తికి ఉన్నంత బలం రుజువుకు లేదని అనుకోవలసి వస్తుంది. డ్వొరాక్‌లో 'సి', 'వి' అక్షరాలు కుడిచేతి వైపుకు వెళ్లిపోయి, అలవాటైన కాపీ, పేస్ట్ ఆజ్ఞలు ఎడమచేతికి అందకుండాపోతాయి. అందుకని కమాండ్ కీ పట్టుకున్నంతసేపు క్వర్టీకి తిరిగివచ్చే ప్రత్యేక డ్వొరాక్ అమరిక మ్యాక్ కంప్యూటర్లలో ఉంది. విప్లవకారులకు కూడా మధ్యమధ్య పాత ప్రభుత్వ సేవలు అందుతూ ఉండాలన్నమాట.

ఇక వేగం సంగతి. నిమిషానికి 40 మాటలు కొట్టే వ్యక్తికి వెయ్యి మాటల వ్యాసం కొట్టడానికి 25 నిమిషాలు పడుతుంది. సాధనచేసి 60కి చేరితే 17 నిమిషాల లోపే అయిపోతుంది. మిగిలేది ఎనిమిది నిమిషాలు. ఆ వ్యాసానికి పూటంతా పట్టిందంటే, చెప్పదలచుకున్నది తేలకపోవడమే కారణం. ప్రోగ్రామరు విషయంలోనైతే కొట్టేది తక్కువ, చదివేదీ తప్పులు వెతికేదీ ఎక్కువ. ఆలోచన ఆగినచోట చిటికెన వేలికి ప్రయాణం తగ్గించి ఒరిగేదేమీ లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవారు కనీసం ఆ మద్దెల తోలు విప్పి, మళ్లీ బిగించి, బిగింపు మీద పాఠాలు చెప్పలేదు.

తెలుగు రాయవలసి వచ్చినప్పుడు ఈ సంస్కరణల గుట్టు పూర్తిగా బయటపడుతుంది. భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి. 'ట' సింగిల్ కోట్ కీమీద, 'డ' స్క్వేర్ బ్రాకెట్ కీమీద ఉంటాయి. సంస్కర్తలు ముచ్చటపడి కొనే 36 కీల బుల్లి కీబోర్డుల్లో మామూలుగా ఆ రెండు కీలూ ఉండవు. అవి లేయర్‌లోకి, అంటే మరో కీ పట్టుకుంటే తప్ప పలకని చోటికి వెళ్లిపోతాయి. ఆట, మాట, తోడు, నీడ అన్న మాటల్లో ఒక్కటీ సూటిగా పడదు. 2006లో వచ్చిన కోల్‌మ్యాక్ అనే అమరికను ఫర్మ్‌వేర్‌లోనే స్థిరపరచుకున్నవారు ఇన్‌స్క్రిప్ట్‌లో 'క' ఉండవలసిన చోట వేలు వేస్తే, అక్షరానికి బదులు దీర్ఘం పడుతుంది. ఆంగ్లంలో అరక్షణం ఆదా చేసిన వేళ్లకు మాతృభాషలో మళ్లీ అక్షరాభ్యాసం తప్పదు.

కీలు మార్చుకోవలసిన అవసరం నిజంగా ఉన్నవారు లేకపోలేదు. ఒక చేయి మాత్రమే వాడగలిగినవారికి, షిఫ్ట్‌ను వదిలేసినా నొక్కినట్లే నిలిపి ఉంచే స్టికీ కీస్ సౌకర్యం వరం. అను స్క్రిప్ట్‌లో ఆపిల్ అని పిలిచే అమరికతో ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన డీటీపీ ఆపరేటరు, యూనికోడ్‌కు మారినప్పుడు అదే అమరికను వెంట తెచ్చుకోవడం జీవనోపాధికి సంబంధించిన విషయం. ఇటువంటివారు ఒకసారి మార్చుకొని, ఆ సంగతి మరచిపోయి, పనిలో పడతారు. మార్చిన కీ పనిని ముందుకు నడిపితే అది సౌకర్యం. కీలు మార్చడమే పనైపోతే అది వ్యసనం. క్యాప్స్ లాక్‌ను వధించదలచినవారు నిరభ్యంతరంగా వధించవచ్చు. మర్నాడు ఎంత తక్కువ శ్రమతో రాశారో చెప్పడం మాని, రాసినదేమిటో చూపిస్తే చాలు.