2025 మార్చి జీతం అందుకున్న ఉద్యోగిని పేరోల్ పెద్దలకు రాయు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పేరోల్ విభాగాధిపతి గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని మాకు తెలుసు. మార్చి జీతాలు పడ్డాక మీ విభాగంలో ఎవరూ ఫోను ఎత్తరు, ఫోను ఎత్తనివారికి ఏ లోటూ ఉండదు. మా కుశలం మాత్రం 28వ తేదీ శుక్రవారం సాయంత్రం బ్యాంకు మెసేజీలో వచ్చింది. లక్ష రూపాయల జీతానికి 46,491 రూపాయలు జమ. ఎల్లుండి ఉగాది.

ముందు బ్యాంకువాళ్లే పొరబడ్డారనుకున్నాను. శాలరీ స్లిప్ తెరిచాను. పీఎఫ్ 6,000, వృత్తిపన్ను 200, అవి ఎప్పుడూ ఉండేవే. ఆ కింద ఆదాయపు పన్ను 47,309. నెలనెలా పోయేది 4,872. ఒక్క నెలలో 42 వేల చిల్లర అదనంగా కోసి, ఎందుకు కోశారో ఒక్క ముక్క రాయకుండా, అడుగున మాత్రం "ఇది కంప్యూటర్ ఇచ్చిన స్లిప్, సంతకం అవసరం లేదు" అని వేశారు. అవసరం లేదట! సంతకం గురించే కదండీ నా గొడవంతా.

విన్నవించుకుంటాను. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకు ప్రూఫులు జనవరి 15లోపు అప్‌లోడ్ చేయమన్నారు, చేశాను. అద్దె నెలకు 22,000, ఏడాదికి 2,64,000. లక్ష దాటింది కాబట్టి ఓనరు గారి పాన్ కావాలన్నారు. పాన్ అడిగితే ఓనర్ల మొహాలు ఎలా మారతాయో హైదరాబాద్‌లో అద్దెకున్న ప్రతివాళ్లకీ తెలుసు. అదీ తెచ్చాను. రెవెన్యూ స్టాంపులు అంటించాలన్నారు. నిజాంపేటలో కొట్టుకొట్టూ తిరిగి రూపాయి స్టాంపు ఐదు రూపాయలకు కొన్నాను. మా ఓనరు గారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. రసీదులన్నీ టేబుల్ మీద వరసగా పరిచి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో స్టాంపు మీదుగా ఏటవాలుగా సంతకం చేశారు. మొదటి అక్షరాలు కాగితం మీద, మధ్యవి స్టాంపు మీద, తోక మళ్లీ కాగితం మీద. "ఇలాగే పడాలమ్మా, లేకపోతే స్టాంపు ఊడబీకి ఇంకోచోట అంటిస్తారు" అని నాకు పాఠం కూడా చెప్పారు.

ఫిబ్రవరి మధ్యలో మీ పోర్టల్‌లో ఆ రసీదుల పక్కన ఎర్రటి అక్షరాలు వచ్చాయి. రిజెక్టెడ్. రిమార్క్స్: సిగ్నేచర్ ఓవర్‌ల్యాపింగ్ ఆన్ స్టాంప్.

సంతకం స్టాంపు మీద పడిందట. ఎక్కడ పడాలి సార్, మీ నెత్తిమీదా? క్షమించాలి, దివ్యసముఖము అన్న సంగతి మరిచాను. 1899 నాటి స్టాంపుల చట్టం 12వ సెక్షను చూడండి. స్టాంపును మళ్లీ వాడటానికి వీల్లేకుండా కొట్టేయాలి, కొట్టేయకపోతే ఆ కాగితానికి స్టాంపు లేనట్టే లెక్క. అడ్డంగా సంతకం పెట్టేది అందుకే. ఈ ముక్క మా ఓనరుకు తెలుసు, స్టాంపు అమ్మిన కొట్టాయనకు తెలుసు, చీటీలు కట్టించుకునే మా ఎదురింటి పిన్నిగారికీ తెలుసు. లక్షల ఫైళ్లు చూసే మీ విభాగానికి తెలియదు. సరే, స్టాంపు సంగతి వదిలేయండి. నేను అద్దె ఏ నెలా నగదుగా ఇవ్వలేదు, బ్యాంకు స్టేట్‌మెంటు కూడా జతపరిచాను. దాన్ని ఎవరైనా తెరిస్తే కదా!

మళ్లీ అప్‌లోడ్ చేద్దామంటే విండో మూసేశారు. జనవరి 15 అన్న తేదీ ఆదాయపు పన్ను చట్టంలో ఉందా అని వెతికాను. లేదు. ప్రూఫులతో పాటు ఇచ్చే ఫారం 12బీబీలోనూ లేదు. అది మీ తేదీ. మీరు పెట్టుకున్న తేదీ మీరు జరపలేరా? టికెట్ వేశాను. చాట్‌బాట్ "హాయ్!" అంది. నా బాధంతా టైపు చేస్తే, హెచ్‌ఆర్‌ఏ అంటే ఏమిటో చెప్పింది. మర్నాడు మెయిలు: యువర్ టికెట్ హాజ్ బీన్ రిజాల్వ్డ్. ఎన్ని స్టార్లు ఇస్తారు? ఆకాశంలో ఉన్నవన్నీ ఇచ్చేస్తాను, నా 42 వేలు నాకివ్వండి.

లెక్క మీకు చెప్పేంతదాన్ని కాను గానీ, ఒకసారి చెప్పనివ్వండి. నేను పాత పన్ను పద్ధతిలోనే ఉంటానని ఏప్రిల్‌లోనే టిక్కు పెట్టాను. నా బేసిక్ ఏడాదికి 6 లక్షలు. అద్దెలోంచి అందులో పదోవంతు తీసేస్తే 2,04,000. మీరిచ్చే హెచ్‌ఆర్‌ఏ 2,40,000, బేసిక్‌లో 40 శాతం కూడా అంతే, మూడింటిలో తక్కువదానికే మినహాయింపు కాబట్టి నాకు రావాల్సింది 2,04,000. నేను 20 శాతం శ్లాబులో ఉన్నాను. సెస్సుతో కలిపి 42,432. ఒక కుర్రాడు ఒక క్లిక్కు కొట్టినందుకు పడిన ఖరీదు ఇది. ఆ కుర్రాణ్ని నేనేమీ అనను. రోజుకు ఎన్ని ఫైళ్లు చూడమని టార్గెట్ పెట్టారో పాపం, అతని మార్చి జీతానికీ ఇదే గతి పట్టి ఉంటుంది.

ఫిబ్రవరిలో తిప్పికొట్టారు కదా, ఫిబ్రవరి జీతంలోనే సగం కోయాల్సింది. ఎక్కువతక్కువలుంటే ఏడాదిలో సర్దుకోవచ్చని ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షను మూడో ఉపవిభాగం మీకే అధికారం ఇచ్చింది. మీరు దాన్ని మార్చి నెలాఖరు దాకా దాచుకున్నారు. పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారైనా ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో ఏడాది మొదటిరోజే చెప్పేస్తారు. మీ పంచాంగంలో వ్యయం పన్నెండో నెల ఆఖర్న తెలుస్తుంది. అవమానం ఎంతో వేరే చెప్పక్కర్లేదు, స్కూలు ఫీజు కౌంటరు దగ్గర తెలుస్తుంది.

చివరికి మీ విభాగంలో ఒకరు దయతలచి ఫోను ఎత్తారు. "ఐటీఆర్‌లో క్లెయిమ్ చేసుకోండి మేడమ్, రిఫండ్ వచ్చేస్తుంది" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారు! ఫారం 16 మీరు జూన్ 15 దాకా ఇవ్వరు. అది వస్తే నేను రిటర్ను వేయాలి. మీ ఫారంలో హెచ్‌ఆర్‌ఏ సున్నా, నా రిటర్నులో 2,04,000. ఈ తేడా ఏమిటని పన్నువాళ్ల కంప్యూటరు అడిగితే ఏం చెప్పను, మా ఓనరు సంతకం స్టాంపు మీద పడిందని చెప్పనా? అన్నీ కలిసొచ్చి రిఫండ్ వస్తే నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. అదే మీరు నా దగ్గర కోసిన డబ్బు కట్టడం ఆలస్యం చేస్తే నెలకు ఒకటిన్నర శాతం కట్టాలి. పైగా నాకొచ్చే ఆ అర శాతం మళ్లీ నా ఆదాయమే, దాని మీదా పన్నే. నా డబ్బు మీ వల్ల ఇరుక్కున్నందుకు కూడా పన్ను నేనే కట్టాలన్నమాట.

ఉత్తరం ఎలాగూ మొదలైంది కాబట్టి మిగతావీ రాసేస్తాను. నా పక్క సీటు అబ్బాయి ఇల్లు కొన్నాడు, ఏడాదికి రెండు లక్షలు వడ్డీయే కడతాడు. పన్ను పద్ధతి పాతదా కొత్తదా ఎంచుకోమని మీరు పంపిన మెయిలు స్పామ్‌లో పడింది. ఏమీ చెప్పకపోతే కొత్తదే అని 2023 నుంచి రూలు, నిజమే. కానీ ఏప్రిల్‌లో ఒక్కసారి పిలిచి "బాబూ, హోమ్ లోన్ ఉందిగా, చూసుకున్నావా" అనడానికి ఏ సెక్షను అడ్డం వచ్చింది? ఏడాది మధ్యలో మార్చమంటే మార్చలేదు. రిటర్నులో మార్చుకునే దారి చట్టం ఉంచింది గానీ, గడువులోపు వేస్తేనే. ఆ అబ్బాయి ఏ పనీ గడువులోపు చేసే రకం కాదు, అది వేరే సంగతి.

హైదరాబాద్ హెచ్‌ఆర్‌ఏ లెక్కలో మెట్రో కాదన్నది మీ తప్పు కాదని ఒప్పుకుంటాను. 1962 నాటి రూల్స్‌లో ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలకే బేసిక్‌లో 50 శాతం. గచ్చిబౌలిలో అద్దెలు చూసినవాళ్లెవరైనా దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడతారు. కానీ ఆ సంగతి అడిగితే "చెన్నైకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి మేడమ్" అనడం మాత్రం మీ విభాగం తప్పే. మూడో అంతస్తులో ఏసీ పనిచేయడం లేదు. అది మీ పరిధి కాదని తెలుసు. మీ అంతస్తులో బాగా పనిచేస్తోందని విన్నాను.

అయ్యా, వెటకారం చాలు. నాకూ ఓపిక లేదు. ఏప్రిల్ మొదటివారంలో పాప ఫీజు కట్టాలి. నాన్నగారి మందులు ఏ నెలకా నెల కొనేవే. చిట్టీ ఉంది, ఈఎంఐ ఉంది, 46,491లో 22,000 మళ్లీ ఆ ఓనరు గారికే పోతుంది. ఆయన ఈ నెల కూడా రసీదు రాసి, స్టాంపు మీద చక్కగా సంతకం చేసి ఇస్తారు.

మార్చిలో కోసిన పన్ను ప్రభుత్వానికి కట్టడానికి మీకు ఏప్రిల్ 30 దాకా గడువుంది. నాలుగో క్వార్టరు స్టేట్‌మెంటుకు మే 31 దాకా ఉంది. మీకు ఇన్ని గడువులుంటే నాకు ఒక్క జనవరి 15 ఏమిటండీ? డబ్బు ఇంకా మీ చేతిలోనే ఉండగా ఆ రసీదులు ఒక్కసారి తెరవండి. పక్కనే బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది, ప్రతి నెలా ఐదో తేదీన 22,000 వెళ్లినట్టు కనిపిస్తుంది. ఓనరు గారి పాన్ ఉంటుంది. ఐదు నిమిషాల పని. రిజెక్టెడ్ తీసేసి అప్రూవ్డ్ నొక్కి, నా లెక్క మళ్లీ కట్టించండి సార్. మీకు పుణ్యముంటుంది. ఇంకెవరి రసీదులైనా ఇదే రిమార్కుతో తిప్పికొట్టి ఉంటే వాళ్లవీ చూడండి. మా ఫ్లోర్‌లోనే చాలామంది ఉన్నారు, అడగడానికి మొహమాటపడుతున్నారు.

ఇట్లు,
తమ విధేయురాలు,
మూడో అంతస్తు, ఏసీ పనిచేయని వైపు

తా.క.: తోటి ఉద్యోగులకు ఒక మాట. వచ్చే జనవరిలో మీ ఓనరు చేత సంతకాలు రెండు పెట్టించండి, స్టాంపు మీద చట్టం కోసం ఒకటి, స్టాంపు పక్కన పేరోల్ కోసం ఒకటి.