ఒక్కపాలి శాస్త్రం

మన పూర్వులు దేన్నీ శాస్త్రం లేకుండా వదిలిపెట్టలేదు. బల్లి తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకో ఫలం అని పంచాంగంలో పట్టిక వేసి పెట్టారు. గోడకు కన్నం వెయ్యడానికి కూడా పద్ధతీ గురువులూ ఉన్నారని మృచ్ఛకటికంలో శర్విలకుడి నోట చెప్పించారు. ఇంత చేసినవాళ్ళు ఒక్క సంగతి మాత్రం మన నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు. "గొప్ప సినిమా, తప్పకుండా చూడు, నేను మాత్రం మళ్ళీ చూడను" అనిపించుకునే సినిమాల గురించి ఎవరూ ఒక్క సూత్రం రాయలేదు. వాళ్ళ కాలానికి సినిమా లేదన్నది సాకు. నాటకం ఉంది కదా!

ఆ లోటు తీర్చే భారం మా ఊరు సబ్బవరం మీద పడింది. మా ఉత్తరాంధ్రలో 'సారి'ని 'పాలి' అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా మామ్మ టీవీ ముందు పలికిన మాట ఈ శాస్త్రానికి మూలం: "ఒక్కపాలి సూసినాను బావు, ఇంకోపాలి నానొల్లను." అందుకే దీనికి ఒక్కపాలి శాస్త్రం అని పేరు పెట్టాను. సంస్కృతం లేకపోతే ముద్ద దిగనివాళ్ళు ఏకదర్శన శాస్త్రం అనుకోవచ్చు.

శాస్త్రకారుడు ముందుగా నాలుగు సంగతులు చెప్పాలని నియమం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం పైన చెప్పాను. ప్రయోజనం, ఆదివారం పూట ఇంట్లో శాంతి. సంబంధం, రిమోట్‌కూ చేతికీ ఉన్నది. ఇక అధికారి ఎవరంటే, సినిమా హాల్లో ఒక్కసారైనా కళ్ళు తుడుచుకుని, పక్క సీటువాడు చూశాడేమోనని అటు తిరిగినవాడు. ఆ పక్క సీటువాడు కూడా అధికారే. వాడూ అదే పనిలో ఉన్నాడు.

ఆ ఆదివారం సంగతి చెబుతాను. ఏదో చానల్లో 'మాతృదేవోభవ' వేశారు. 1993లో వచ్చిన సినిమా. మలయాళంలో అదే ఏడాది వచ్చిన 'ఆకాశదూతు'కు తెలుగు రూపం. రెంటిలోనూ తల్లి మాధవే. ప్రాణాంతకమైన జబ్బు వచ్చిన తల్లి, తను పోయేలోగా నలుగురు బిడ్డలకూ నాలుగు ఇళ్ళు వెతుకుతుంది. కథ ఇంతే. ఆఖరికి ఏమవుతుందో ఇక్కడ రాయను. దానికి కారణం ఉంది, చివర చెబుతాను.

టైటిల్స్ పడగానే మా ఇంట్లో జరిగింది ఇది. అమ్మకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. నాన్నకు బోరు మోటారు ఆపలేదేమోనని అనుమానం వచ్చింది. మోటారు మూడు రోజులుగా చెడిపోయి ఉంది. తమ్ముడి ఫోన్‌కు ఉన్నట్టుండి సిగ్నల్ అందక వీధిలోకి వెళ్ళిపోయాడు. మామ్మ లేవలేక, కుర్చీలోనే టీవీకి వీపు పెట్టి కూర్చుంది. సినిమా బాగోలేదని వీళ్ళలో ఒక్కరూ అనలేదు. "అంత మంచి సినిమా మళ్ళీ రాదు" అని వంటింట్లోంచి అమ్మ గొంతు కూడా వినిపించింది. మెచ్చుకోవడం, పారిపోవడం ఒకే క్షణంలో జరిగాయి. శాస్త్రానికి ఇంతకన్నా ప్రత్యక్ష ప్రమాణం ఏం కావాలి?

ఇప్పుడు వర్గీకరణ. అనకాపల్లి బెల్లం పొరుగున పుట్టినవాణ్ణి కనుక చెరకుతోనే మొదలుపెడతాను. రసం అనే మాట భరతముని వాడినా, గానుగ దగ్గర రైతు వాడినా, పిండితేనే వస్తుంది. ఆ పిండడంలోనే తేడాలున్నాయి.

మొదటిది పిప్పి జాతి. హంతకుడెవరో తెలిసేదాకా రసం, తెలిశాక పిప్పి. 2019లో వచ్చిన 'ఎవరు' సినిమాకు పేరే పెద్ద చిక్కు. ఎవరో తెలిశాక ఆ ప్రశ్న మళ్ళీ అడగడానికి మొహం చెల్లదు. ఈ జాతిలో వంశీ తీసిన 'అన్వేషణ' (1985) ఒక్కటి అపవాదం. అందులో ఇళయరాజా ఉన్నాడు కాబట్టి గానుగాడిన తరువాత కూడా తడి మిగిలింది.

రెండోది పరువు జాతి. చూశామని చెప్పుకోవడానికి చూసేవి. ఒకప్పుడు దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు దేశంలోని నానా భాషల సినిమాలూ వేసేది. ఒకాయన ఏట్లో పడవ మీద వెళుతూ ఉంటాడు, వెళుతూనే ఉంటాడు, మనం నిద్రలేచి చూసినా వెళుతూనే ఉంటాడు. ఈ జాతి సినిమాలను మళ్ళీ చూడకపోవడానికి శాస్త్రం అక్కర్లేదు. మొదటిసారే చూడలేదు కనుక.

మూడోది ముల్లు జాతి. ఈ శాస్త్రం అసలు పుట్టింది దీనికోసమే. గుచ్చుకున్నప్పుడు గుచ్చుకున్నట్టు తెలియదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

ఈ మూడింటికీ ఎదుటి పక్షం బెల్లం జాతి: 'మాయాబజార్' (1957), 'అహ నా పెళ్ళంట' (1987), టీవీ పుణ్యమా అని 'అతడు' (2005). ఎన్నిసార్లు నాకినా తీపి తగ్గదు. కాకపోతే చీమలు పడతాయి, అంటే మధ్యలో ప్రకటనలు వస్తాయి.

ముల్లు జాతికీ బెల్లం జాతికీ ఉన్న తేడాను ఒకే టిక్కెట్టు మీద నిరూపించిన ఘనత జపానువాళ్ళది. 1988 ఏప్రిల్ 16న జీబ్లీ స్టూడియో రెండు బొమ్మల సినిమాలను జంటగా విడుదల చేసింది. ఒకటి హయావో మియజాకీ 'మై నైబర్ టోటోరో'. పిల్లలు ఇప్పటికీ దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నారు. రెండోది ఇసావో తకహతా 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నా చెల్లెళ్ళ కథ. దాన్ని చూసినవాళ్ళు చేతులెత్తి దణ్ణం పెడతారు, ఆ చేతుల్తోనే వద్దు వద్దంటారు. అదే స్టూడియో, అదే రోజు, అదే హాలు. కనుక తేడా తెరలో లేదు, మనలో ఉంది.

మనలో ఎక్కడుందో సూత్రాల్లో చెబుతాను.

సూత్రం 1: కథ తెలియనంతసేపూ ఆశ ఉంటుంది. ఎంత ఏడుపు సినిమా అయినా మొదటిసారి చూసేవాడు లోపల ఒక బేరం పెట్టుకుని కూర్చుంటాడు. డాక్టరు రిపోర్టులు తారుమారై ఉంటాయిలే, రైలు తప్పిపోయిందిలే, ఎవరో ఒకరు సమయానికి వస్తారులే అని. ఆ బేరం మీదే మూడు గంటలు సీట్లో కూర్చోగలుగుతాడు.

సూత్రం 2: మొదటిసారి ఏడుపు ఆఖరి రీలులో మొదలవుతుంది, రెండోసారి టైటిల్స్‌లో. 'మరో చరిత్ర' చూడండి. 1978లో బాలచందర్ మా విశాఖ తీరంలోనే తీశాడు. కమల్‌హాసన్, సరిత సముద్రం ఒడ్డున నవ్వుతుంటే మొదటిసారి మనమూ నవ్వుతాం. ఏడాదిపాటు కలుసుకోకుండా ఉంటే పెళ్ళి చేస్తామని పెద్దలు షరతు పెడితే, మనమూ రోజులు లెక్కపెడతాం. రెండోసారి ఆ సముద్రమే కనపడగానే గొంతు పట్టేస్తుంది. వాళ్ళు నవ్వినకొద్దీ మనకు ఏడుపు. అంటే రెండోసారి చూసేవాడు హాస్య సన్నివేశాలకు కూడా ఏడవాలి. ఒకే టిక్కెట్టు మీద ఇంత శ్రమ న్యాయం కాదు.

న్యాయం అంటే గుర్తొచ్చింది. మా సబ్బవరం న్యాయశాస్త్రానికి కొత్త ఊరు కాదు. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఆ ప్రాంగణానికి న్యాయప్రస్థ అని పేరు. అక్కడ చదివే కుర్రవాళ్ళు జంక్షన్లో టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే నా చెవిన పడ్డది రాజ్యాంగం 20వ అధికరణంలోని రెండో భాగం. ఒకే నేరానికి ఎవరినీ ఒకసారికి మించి విచారించి శిక్షించరాదని దాని భావం. టీ గ్లాసు చేతిలో ఉండగానే నాకు జ్ఞానోదయమైంది. 'మాతృదేవోభవ' మొదటిసారి చూసినప్పుడే శిక్ష అనుభవించేశాం. మళ్ళీ చూపించడం రాజ్యాంగ విరుద్ధం. చానల్ వాళ్ళు ఈ సంగతి గమనించినట్టు లేదు.

ఇక పూర్వపక్షాలు. శాస్త్రానికి శత్రువులు లేకపోతే శోభ ఉండదు.

మొదటి ఆక్షేపణ విశ్వనాథుడిది. మా పొరుగు కళింగంవాడే, పద్నాలుగో శతాబ్దం మనిషి. కరుణ రసంలో ఉన్నది నిజంగా దుఃఖమే అయితే దానికోసం ఎవడూ ఎదురెళ్ళడు, రామాయణం కూడా దుఃఖహేతువే అయిపోవాలి అని సాహిత్యదర్పణంలో వాదించాడు. కనుక అందులో ఉన్నది సుఖమే, అందుకు సహృదయుల అనుభవమే సాక్ష్యం అన్నాడు. అయ్యా, ఒప్పుకుంటున్నాం. ఎదురెళ్ళాం కూడా. అయితే ఎన్నిసార్లు ఎదురెళ్ళాలో మీరు చెప్పలేదు. అక్కడే మా శాస్త్రం మొదలవుతుంది.

రెండో ఆక్షేపణ గట్టిది. 'లవకుశ' సంగతేమిటి? 1963లో వచ్చిన తొలి పూర్తి రంగుల తెలుగు సినిమా. నిండు చూలాలు అడవి పాలవుతుంది, చివరికి భూమిలో కలిసిపోతుంది. అంతకన్నా దుఃఖం ఏముంది? అయినా జనం బళ్ళు కట్టుకుని వచ్చి, చూసినవాళ్ళే మళ్ళీ చూశారు. ఇక్కడ శాస్త్రం కుప్పకూలిందని శత్రువులు చప్పట్లు కొడతారు. తొందరపడకండి. సీతమ్మ భూమిలోకి వెళుతుందని టిక్కెట్టు కొనకముందే అందరికీ తెలుసు. తెలిసిన కథకు మొదటిసారి అంటూ లేదు. ఎవరు చూసినా రెండోసారే. అక్కడ ఆశ లేదు, కనుక ఆశాభంగమూ లేదు. కూలింది శాస్త్రం కాదు, ఆక్షేపణ. అయినా మన పెద్దలు ఎంత జాగ్రత్తపరులో చూడండి: ఇళ్ళలో పారాయణం చాలాచోట్ల పట్టాభిషేకంతో ఆపేసి, హారతి ఇచ్చి, పానకం పంచేస్తారు. ఉత్తరకాండ పుస్తకంలోనే ఉంటుంది.

మూడో ఆక్షేపణ: 'మరో చరిత్ర' మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది కదా, మళ్ళీ మళ్ళీ చూసినవాళ్ళు లేకుండానే? ఉన్నారు. వాళ్ళు ప్రేమికులు. తమ కథ మాత్రం అలా ముగియదని గట్టి నమ్మకం ఉన్నవాళ్ళు. పెళ్ళయ్యాక వాళ్ళలో ఎంతమంది మళ్ళీ వెళ్ళారో లెక్కతీస్తే శాస్త్రానికి బలమే గానీ నష్టం రాదు.

సూత్రం 3: పాటకు మినహాయింపు ఉంది. 'మాతృదేవోభవ'లో 'రాలిపోయే పువ్వా' పాటకు వేటూరికి జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగు పాటకు శ్రీశ్రీ తరువాత ఆ గౌరవం దక్కిన రెండోవాడు ఆయనే. సినిమా వద్దని పారిపోయిన మా నాన్న, ఈ పాటను కీరవాణి గొంతులో రాత్రి పడుకోబోయే ముందు వింటాడు. మందు డబ్బా అంతా మింగడు, ఒక మాత్ర వేసుకుంటాడు. పాట నాలుగు నిమిషాల్లో వదిలేస్తుంది. సినిమా వదలదు.

ఉపమానం కావాలంటే సింహాచలం దాకా వస్తే చాలు. అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే దర్శనమిస్తాడు. నిజరూపం వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజే. ఆ ఒక్కరోజు కోసం జనం రాత్రి నుంచీ వరసలో నిలబడతారు. ఎదుట నిలిచేది రెప్పపాటు. రోజూ ఎందుకు తియ్యరని ఎవరూ అడగరు. చందనం తీసిన సినిమాలు కూడా ఉన్నాయి. వాటికీ ఆ లెక్కే వర్తిస్తుంది.

శాస్త్రం పూర్తయింది, ప్రయోగం మిగిలింది. శాస్త్రకారుడు తన సూత్రాన్ని తన మీదే పరీక్షించుకోవాలి కనుక, మరుసటి ఆదివారం 'మాతృదేవోభవ' పెట్టుకుని, నోటు పుస్తకం, పెన్ను, తువ్వాలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. సినిమాలో ఇంకా ఏ కష్టమూ రాలేదు. పిల్లలు ఇంట్లో అల్లరి చేస్తున్నారు, అంతే. ఎన్ని నిమిషాలు తట్టుకున్నానో రాద్దామని పుస్తకం తీస్తే అక్షరాలు కనపడలేదు. రెండో సూత్రం రుజువైంది. టీవీ కట్టేసి మామ్మ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను.

"ఏటి బావు, కట్టీసినావేటి?" అంది.

"చూడలేకపోయాను మామ్మా. నువ్వు అప్పట్లో అంతా ఎలా చూశావు?"

"అంతా నానెక్కడ సూసినాను? అనకాపల్లి ఎల్లి సూసినాం, మీ తాతా నానూ. ఆ తల్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ పంపీడం మొదలెట్టీసరికి నా వల్ల గాలేదు. కొంగు నోట్లో కుక్కుకోని బయిటికొచ్చీసినాను. మీ తాత వొచ్చీదాకా సోడా బండి కాడ కూకున్నాను. వొచ్చినాక ఏటయిందో సెప్పబోతే, సెప్పొద్దన్నాను."

ముప్పయ్యేళ్ళు దాటింది. తాత చెప్పకుండానే పోయాడు. అంటే మా మామ్మ ఆ సినిమాను ఒక్కపాలి కూడా చూడలేదు, ముప్పావు పాలి చూసింది. మూల వాక్యమే పూర్తిగా నిజం కాదని తేలాక శాస్త్రకారుడిగా నేను సిగ్గుపడాలి. కానీ మొదటి సూత్రాన్ని ఇంత గట్టిగా పాటించినవాళ్ళు నాకు ఇంకెవరూ కనపడలేదు. ఆమె లెక్కలో ఆ పిల్లల్లో కొందరు ఇంకా తల్లి దగ్గరే ఉన్నారు, ఎవరో ఒకరు సమయానికి వస్తారు.

కనుక పాఠకులకు ఒక్క మనవి. పని మీద సబ్బవరం వస్తే జంక్షన్లో టీ తాగండి, మా ఇంటికీ రండి. మామ్మతో ఎన్ని సినిమాల గురించైనా మాట్లాడండి. ఆ సినిమా ఆఖరి రీలు మాత్రం చెప్పకండి.